వరంగల్ జైలు: ఆ నెల రోజుల్లో పోయిందేమిటి

వరంగల్ సెంట్రల్ జైలు స్థలం మాట మళ్లీ లేచింది. లేచిన ప్రతిసారీ మూడు లెక్కలే బయటికొస్తాయి. 2021లో జైలును కూల్చి అక్కడ మొదలుపెట్టిన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఖర్చు 1,100 కోట్ల నుంచి 1,700 కోట్లు ఎలా దాటింది, జైలు భూమిని తాకట్టు పెట్టారన్న ఆరోపణలో నిజమెంత, 24 అంతస్తులూ ఎప్పటికి వాడకంలోకి వస్తాయి. 2024 జూన్ 29న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆస్పత్రి పనులు చూసి ఖర్చుపై ఆడిట్‌కు ఆదేశించినప్పటి నుంచీ గొడవంతా ఈ లెక్కల చుట్టే. ఇవి తేలాల్సినవే. కానీ ఆ గోడల మధ్య బతికిన దాదాపు 950 మంది ఎటు పోయారు, వాళ్లు చేస్తున్న పని ఏమైంది, వాళ్లను చూడటానికొచ్చే ఇంటివాళ్లు ఏం పడ్డారు అన్నది ఏ ప్రెస్‌మీట్‌లోనూ గట్టిగా వినపడదు. కొత్త జైలు ఎలా ఉండాలో తేల్చాలంటే ముందు ఈ ప్రశ్న దగ్గరికే రావాలి.

నిజాం కాలంలో 1886లో కట్టిన జైలు ఇది. సాయుధ పోరాటం రోజుల్లో, తర్వాత నక్సలైట్ ఉద్యమ కాలంలో ఎవరెవరు ఇక్కడ గడిపారో ఈ జిల్లాలో చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. నిజామాబాద్ ఖిల్లా జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి సరేసరి. తెలిసిన ఆ కథలన్నీ ఇక్కడ మళ్లీ చెప్పను. నా దృష్టిలో ఈనాటి గొడవకు మూలం 2021 మే 21 నుంచి జూన్ 21 దాకా గడిచిన నెల రోజుల్లో ఉంది.

కరోనా రెండో వేవ్ అది. మే 21న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఎంజీఎం ఆస్పత్రిలో రోగులను పలకరించి, అక్కడి నుంచి దగ్గరలోనే ఉన్న సెంట్రల్ జైలుకు వెళ్లారు. ఖైదీలతో మాట్లాడారు, వాళ్లు తయారుచేసిన వస్తువులు చూశారు. జైలును తరలించి అక్కడ పెద్దాస్పత్రి కట్టాలన్న నిర్ణయం వెంటనే వచ్చింది. జూన్ మొదట్లోనే పోలీసు ఎస్కార్ట్‌తో బస్సులు కదిలాయి. ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం, నిజామాబాద్ ఇలా తలోవైపూ పంపారు. ఆ వెంటనే గోడలు కూల్చడం మొదలైంది. జూన్ 21న ఆస్పత్రికి శంకుస్థాపన జరిగిపోయింది. 135 ఏళ్లు నిలిచిన సంస్థ సరిగ్గా నెల రోజుల్లో లేకుండా పోయింది.

ప్రభుత్వం చెప్పిన కారణం చిన్నది కాదు. ఎంజీఎంకు పాత వరంగల్ జిల్లా నుంచే కాకుండా ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర పల్లెల నుంచి కూడా రోగులు వస్తారు. మంచం దొరక్క నేల మీద పడుకున్నవాళ్లను చూసినవాళ్లెవరూ ఆస్పత్రి వద్దనరు. ఊరి నడిబొడ్డున జైలెందుకన్న వాదన కూడా అప్పటికే ఉంది. కొత్త జైలు వరంగల్ శివార్లలోని మామునూరు దగ్గర పోలీసు శాఖ భూమిలో కడతామన్నారు. కొత్తది కట్టాక పాతది ఖాళీ చేయొచ్చు కదా అని అడిగినవాళ్లకు మాత్రం సరైన జవాబు రాలేదు. అదంత తొందరగా జరగాల్సిన అవసరం ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు.

అసలు పోయిందేమిటో చూద్దాం. గోడలు, బ్యారక్‌లు, వాచ్ టవర్లు మళ్లీ కట్టుకోవచ్చు. జైలు లోపల ఒక కార్ఖానా ఉండేది. మగ్గాల మీద తివాచీలు, జంపఖానాలు నేసేవారు. వడ్రంగం, ఇనుప బీరువాలు, సబ్బులు, ఫినాయిల్, కూరగాయల సాగు ఇలా పనులు నడిచేవి. జైళ్ల శాఖ ‘మై నేషన్’ పేరుతో అమ్మే సరుకు ఇలాంటి కార్ఖానాల నుంచే వస్తుంది. నేతకు వరంగల్‌లో ప్రత్యేకమైన స్థానం ఉంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జైలు నుంచి కొంచెం దూరం నడిస్తే కొత్తవాడ వస్తుంది. అక్కడ ఇళ్లలోనే మగ్గాలు. అంటే లోపల నేర్చుకున్న పనికి బయట అదే ఊళ్లో బజారుంది, ఆ పని తెలిసిన మనుషులున్నారు. ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి బయటికొచ్చినవాడికి ‘నాకు జంపఖానా నేయడం వచ్చు’ అని చెప్పుకోగలిగే చోటు రాష్ట్రంలో ఇంకెక్కడుంది?

ఇక్కడ 1977కు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఉద్యోగాలిప్పిస్తామని నిరుద్యోగులను మోసం చేసిన కేసది. శిక్ష పగ తీర్చుకోవడానికి కాదని, మనిషిని మళ్లీ సమాజంలోకి తేవడానికని ఆయన రాశారు. అంతటితో ఆపకుండా ఆ ఖైదీకి ఎలాంటి పని ఇవ్వాలో కూడా చెప్పారు. యంత్రంలా చేసే చాకిరీ వద్దు, వాడి బుద్ధికి పనిపెట్టేది ఇవ్వమన్నారు. జైలులో పని అంటే రాళ్లు కొట్టడమే అనుకునే దేశంలో అది పెద్ద మాట. ఖైదీల కూలీ న్యాయంగా ఉండాలని, అందులో కొంత బాధితులకు చేరేలా ఏర్పాటు చేయాలని అదే కోర్టు 1998లో గుజరాత్ కేసులో చెప్పింది. ఈ రెండు తీర్పులూ నిలబడాలంటే ముందు కార్ఖానా ఉండాలి. పని ఉంటేనే కూలీ, కూలీ ఉంటేనే ఇంటికి పంపడానికి నాలుగు రూపాయలు.

2014 తర్వాత తెలంగాణ జైళ్లలో మంచి మార్పులు వచ్చాయని ఒప్పుకోవాలి. వి.కె. సింగ్ జైళ్ల శాఖ డీజీగా ఉన్న కాలంలో ‘విద్యాదానం’ పేరుతో చదువొచ్చిన ఖైదీలు చదువురానివాళ్లకు అక్షరాలు నేర్పారు. వేలిముద్రతో లోపలికి వచ్చిన మనిషి సంతకం చేసి బయటికి పోవాలన్నది లక్ష్యం. పదే పదే నేరం చేసి వచ్చేవాళ్లకు ‘ఉన్నతి’ పేరుతో మానసిక నిపుణుల కౌన్సెలింగ్ ఇచ్చారు. జైళ్ల ముందు పెట్రోల్ బంకులు పెట్టి ఖైదీలతో, విడుదలైనవాళ్లతో నడిపించారు. అప్పట్లోనే ఖైదీల సంఖ్య తగ్గిందని కొన్ని సబ్‌జైళ్లు మూసేశారు. ఆనాడు అది విజయంగానే కనిపించింది. 2021లో పెద్ద జైలు కూడా పోయాక, ఆ సబ్‌జైళ్లు ఉంటే బాగుండేదన్న సంగతి తెలిసొచ్చింది.

ఎందుకంటే రెండో నష్టం దూరం. దాన్ని చాలామంది చిన్నదిగా చూస్తారు. నాకు మాత్రం మొదటి నష్టం కంటే ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఏటూరునాగారం వైపు గూడెం నుంచి ఒక తల్లి బయల్దేరిందనుకోండి. వరంగల్ చేరడానికే వంద కిలోమీటర్లు. జైలు ఇక్కడే ఉన్నప్పుడు తొలి బస్సుకు బయల్దేరి, ములాఖత్‌లో కొడుకును చూసుకుని, చీకటి పడేలోపు ఇల్లు చేరేది. అదే కొడుకు చర్లపల్లిలో ఉంటే వరంగల్ నుంచి ఇంకో 130 కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. అక్కడ ఎవరూ తెలియరు, రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియదు, ఆధార్ కార్డులో పేరు ఒక అక్షరం తేడా ఉంటే లోపలికి పోనిస్తారో లేదోనన్న టెన్షన్ ఒకటి. కొద్ది నిమిషాల ములాఖత్‌కు రెండు రోజుల కూలీ పోతుంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు ఆర్టీసీ టికెట్ బాధ తప్పింది. అది చాలా ఇళ్లకు నిజంగా మేలు చేసింది. కానీ ముసలి తండ్రికి టికెట్ తప్పదు, కూలీ ఇద్దరికీ పోతుంది. తరలించిన రోజుల్లో కరోనా వల్ల ములాఖత్‌లపై ఆంక్షలుండేవి. అవి తొలగి జైలు గేటు దగ్గరికి వెళ్లడం మొదలయ్యాకే చాలా కుటుంబాలకు తమవాళ్లు ఎంత దూరం పోయారో అర్థమైంది.

ఖైదీని వీలైనంతవరకు ఇంటికి దగ్గరగా ఉంచాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో రాసి ఉంది. దయతో రాసిన నియమంగా దాన్ని చూడనక్కర్లేదు. విడుదలైన రోజున మనిషి ఎక్కడికి పోతాడు? మధ్యమధ్య చూసి వెళ్లినవాళ్లు ఉంటే వాళ్ల దగ్గరికి పోతాడు. రెండేళ్లుగా ఎవరూ రాకపోతే లోపల పరిచయమైనవాడి దగ్గరికి పోతాడు.

శిక్ష పడనివాళ్ల సంగతి ఇంకా కష్టం. 2022 చివరి నాటి జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణలో ఉన్నవాళ్లే. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. కేసు వరంగల్, హనుమకొండ కోర్టుల్లో ఉంటుంది, మనిషి ఇంకో జిల్లాలో ఉంటాడు. పేషీకి తేవాలంటే ఎస్కార్ట్ కావాలి. ఎస్కార్ట్ లేని రోజు వీడియోలో జడ్జి ముందు ముఖం చూపిస్తారు, తర్వాతి వాయిదా పడుతుంది. వకీలుతో కూర్చుని తన కేసు తాను చెప్పుకునే అవకాశం వీడియోలో ఎక్కడిది?

చట్టంలో దారులు లేక కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు తమ మీదున్న నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బెయిల్‌కు అర్హులు. యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. ఇంకో కేసు కూడా నడుస్తున్నవాళ్లకు కూడా వర్తించదు. అర్హులైనవాళ్ల తరఫున కోర్టుకు దరఖాస్తు పెట్టడం జైలు సూపరింటెండెంట్ బాధ్యత. షూరిటీ కట్టలేనివాళ్లకు 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక లోపలే ఉండిపోయినవాళ్లకు 25,000 వరకు ఇచ్చేలా కేంద్ర పథకం 2023లో మొదలైంది. అయితే ఇవన్నీ కదలాలంటే కోర్టుకూ జైలుకూ మధ్య ఒకరు తిరగాలి. ఆ తిరిగే పని ఎప్పుడూ ఇంటివాళ్లదే. వాళ్లను వంద మైళ్ల అవతలకు నెట్టేసి పథకం అందలేదంటే తప్పెవరిది?

2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం 213 మంది ఖైదీలను శిక్షాకాలం ముగియకముందే విడుదల చేసింది. ఎక్కువమంది జీవిత ఖైదీలే. వాళ్లలో కొందరికి జైళ్ల శాఖ పెట్రోల్ బంకుల్లోనే పని చూపించారు. మంచి పని. బయటికొచ్చినవాణ్ని నిలబెట్టేది చేతిలో పని అని శాఖకు తెలుసనడానికి ఇదే సాక్ష్యం. తెలిసి కూడా వరంగల్ కార్ఖానాను నెల రోజుల్లో ఎలా వదిలేసుకున్నారన్నదే నాకు మింగుడుపడదు.

కొత్త జైలు కడతామన్న మామునూరు అంటే ఇప్పుడు అందరికీ విమానాశ్రయమే గుర్తొస్తుంది. కేంద్రం అనుమతి, 253 ఎకరాల భూసేకరణ, రైతుల పరిహారం, రోజూ ఏదో ఒక వార్త. రావాల్సిందే, వరంగల్‌కు అది ఎన్నేళ్ల కోరికో. జైలు కావాలని మాత్రం ఎవరూ ధర్నా చేయరు. కార్పొరేటర్ నుంచి ఎంపీ వరకు ఎవరి హామీ పత్రంలోనూ అది ఉండదు. అందుకే కట్టే రోజు వచ్చినప్పుడు గోడ ఎత్తు, కెమెరాల సంఖ్య, బ్యారక్‌ల లెక్క ముందు తేలిపోతాయి. ములాఖత్‌కు వచ్చేవాళ్లు కూర్చునే చోటు, గేటు దాకా బస్సు, మగ్గాల షెడ్డు చివరికి మిగిలిన జాగాలోకి పోతాయి. ప్లాను కాగితం మీద ఈ మూడూ ముందు గీయమని అడిగేవాళ్లు ఇప్పుడే అడగాలి. మూసేసిన సబ్‌జైళ్లలో బాగున్నవాటిని ఈలోగా రిమాండ్ ఖైదీలకు తెరవడానికి కొత్త భూమీ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ అక్కర్లేదు.

మగ్గం విషయంలో ఇంకో తొందర ఉంది. జైలులో నేత ఒకరి నుంచి ఒకరికి చేతులతోనే అందుతుంది. ఏళ్లుగా లోపలున్న జీవిత ఖైదీ కొత్తగా వచ్చినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాడు. 2021లో ఆ నేర్పేవాళ్లు తలా ఒక జైలుకు చెదిరిపోయారు. విడుదలైనవాళ్లు మళ్లీ లోపలికి రారు, రాకూడదు కూడా. కొత్త జైలుకు మగ్గాలు కొనొచ్చు. నేర్పే మాస్టర్ మాత్రం కొత్తవాడ నుంచే రావాలి. అక్కడ జంపఖానా నేసే చేతులు ఏటికేడు తగ్గుతున్నాయి, పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. ఉన్న మాస్టర్లలో నలుగురైదుగురికి ఈ ఏడే జీతమిచ్చి, ఖైదీలు ఇప్పుడెక్కడుంటే అక్కడికే పంపి నేత మొదలుపెట్టించాలి. జైలు గోడ లేచేదాకా ఆగితే అప్పటికి వాళ్లకు మగ్గం మీద కూర్చునే ఓపిక ఉండకపోవచ్చు.