బయో ఇంధనాలు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బయోగ్యాస్ ప్లాంట్లు నడపడం నా పని. కొత్తగా ప్లాంటు పెట్టాలనుకునేవాళ్లు ముందు యంత్రాల గురించి అడుగుతారు. నేను మాత్రం మీ దగ్గరున్న ముడిసరుకేమిటో చెప్పమంటాను. చాలా అపోహలు ఆ సంగతి పట్టించుకోకపోవడం వల్లే పుడతాయి.

అపోహ: కుళ్లేది ఏదైనా సరే, ఎంత ఎక్కువ వేస్తే అంత గ్యాస్.

వాస్తవం: డైజెస్టర్ అంటే వ్యర్థాలు కుళ్లే మూసిన ట్యాంకు. దాని లోపల గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులుంటాయి. కొన్ని వ్యర్థాలను ఆమ్లాలుగా మారుస్తాయి, మరికొన్ని వాటి నుంచి మీథేన్, అంటే మండే గ్యాస్, తయారుచేస్తాయి. మొదటివి చురుకు, రెండోవి నిదానం. మిగిలిన అన్నం, మగ్గిన పళ్లు ఒకేసారి కుమ్మరిస్తే ఆమ్లం పేరుకుపోతుంది. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.5 కన్నా కిందికి జారితే మీథేన్ జీవులు చతికిలబడతాయి. గ్యాస్ వస్తున్నట్టే ఉంటుంది కానీ మంట నిలవదు, ఎందుకంటే అందులో కార్బన్ డయాక్సైడే ఎక్కువ. స్లర్రీ, అంటే లోపలి చిక్కటి ద్రవం, పుల్లటి కంపు కొడుతుంది. అప్పుడు టెన్షన్ పడి ఇంకాస్త వేస్తారు చూడండి, దయచేసి ఆ పని చేయకండి. కొన్నాళ్లు వ్యర్థాలు వేయడం ఆపండి, బాగా నడిచే ప్లాంటు నుంచి స్లర్రీ తెచ్చి కలపండి. రంపపు పొట్టు మాత్రం అసలు వేయొద్దు. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఈ సూక్ష్మజీవులకు అరగదు.

అపోహ: పేడే అన్నిటికన్నా ఎక్కువ గ్యాస్ ఇస్తుంది.

కాదు. మేతలోని శక్తిని పశువు ముందే చాలావరకు వాడేసుకుంది. అదే బరువు వంట వ్యర్థాలు ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాయి. అయినా పేడను తీసిపారేయలేం. కావాల్సిన సూక్ష్మజీవులు దాంతోనే వస్తాయి, పీహెచ్‌నూ అది నిలకడగా ఉంచుతుంది.

అపోహ: లీటరు ఇథనాల్, లీటరు పెట్రోల్ ఒకటే.

ఇథనాల్‌లో ఉండేది పెట్రోల్ శక్తిలో మూడింట రెండు వంతులే. కట్టెలతోనూ ఇలాగే పొరబడతారు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే కాబట్టి, అంతే బరువు ఎండు కట్టె ఇచ్చే వేడిలో పచ్చిది దాదాపు సగమే ఇస్తుంది.

అపోహ: మొక్కల నుంచి వచ్చింది కాబట్టి వాతావరణానికి హాని లేదు.

వాస్తవం: మొక్క పీల్చుకున్న కార్బనే తిరిగి గాలిలో కలుస్తుందన్నది నిజమే. పంట వ్యర్థాలు కాల్చితే మరుసటి పంట దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. పెద్ద చెట్టును కొట్టి కాల్చితే అందుకు దశాబ్దాలు పడుతుంది. బయోగ్యాస్‌లో నాకు భయం లీకుల గురించి. నూరేళ్ల లెక్కన మీథేన్, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమి వేడిని వాతావరణంలో పట్టి ఉంచుతుంది. అందుకే అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడమని పోరుతుంటాను. స్లర్రీ బయటికొచ్చే గుంత మీద కూడా మూత ఉండాలి, అక్కడా ఇంకా కొంత గ్యాస్ ఊరుతూనే ఉంటుంది.