ఎబోలా నిద్రపోయిన ఐదేళ్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

వైరస్ ఏ దారిన వచ్చిందో జన్యువులు చూసి ఎలా చెబుతారని అడిగారు. ఎబోలా సంగతి తీసుకుందాం. దాని జన్యురాశి (జన్యువులన్నీ కలిపి) సుమారు 19,000 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు. అక్షరాలు మాత్రం నాలుగే: ఏ, సి, జి, యు. డీఎన్‌ఏగా మార్చి చదువుతారు కాబట్టి 'యు' బదులు 'టి' అని రాస్తారు.

తాళపత్రం చూసి ఎత్తిరాసేటప్పుడు ఒక తప్పు దొర్లితే, ఆ ప్రతిని చూసి రాసిన వాటన్నిటికీ అదే తప్పు పాకుతుంది. వైరస్ తనను తాను ఎత్తిరాసుకునేటప్పుడూ అంతే. ముగ్గురు రోగుల్లో ఇద్దరికి ఒకేచోట 'సి' పోయి 'టి' వచ్చిందనుకోండి, వాళ్లది ఒకే కొమ్మ. అసలు అక్షరం 'సి'యేనని చెప్పాలంటే అంతకంటే పాత నమూనా చేతిలో ఉండాలి. ఈ మాట చాలామంది మరిచిపోతారు.

రక్తంలోని వైరస్‌ను ముందు రసాయనంతో చంపి, ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, డీఎన్‌ఏగా మార్చి, ముక్కలు ముక్కలుగా పీసీఆర్‌లో (ఒక్కో ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతిలో) పెంచి చదువుతారు. నమూనాలో వైరస్ తక్కువైతే కొన్ని ముక్కలు పెరగవు. అక్కడ ఊహించి నింపకూడదు, 'ఎన్' (ఏ అక్షరమో తెలియదు) అని వదిలేయాలి. పక్క గొట్టంలోంచి ఒక్క చుక్క చిందినా సంబంధంలేని ఇద్దరు రోగులు కవలల్లా కనిపిస్తారు. అందుకే ఉత్త నీళ్ల గొట్టం ఒకటి మొదటినుంచీ వెంట నడుపుతారు. అందులో వైరస్ కనబడిందా, ఆ విడత లెక్కలోకి రాదు.

పశ్చిమాఫ్రికాలో 2013–16 మధ్య 11,300 మందికి పైగా ప్రాణాలు తీసిన ఎబోలాలో ఏడాదికి దాదాపు 23 అక్షరాలు మారాయి. అంటే రమారమి పదహారు రోజులకొకటి. మరి రోగం నాలుగు రోజుల్లోనే ఒకరినుంచి ఒకరికి అంటితే? ఇద్దరిలోని వైరస్ జన్యురాశీ ఒకేలా ఉండొచ్చు. ఎవరినుంచి ఎవరికో తేల్చాలంటే ఊళ్లోకెళ్లి, ఎవరు ఎవరికి సేవ చేశారు, ఏ అంత్యక్రియలకు వెళ్లారు అని అడగాల్సిందే.

2021 ఫిబ్రవరిలో పశ్చిమాఫ్రికా దేశమైన గినీలోని గువేకే ప్రాంతంలో ఎబోలా మళ్లీ బయటపడింది. అడవి జంతువు నుంచి కొత్తగా దిగి ఉంటుందనుకోవడం సహజం. చదివి చూస్తే అది 2014 నాటి కొమ్మకే అతుక్కుంది, తేడా పన్నెండు అక్షరాల దగ్గరే ఆగింది! ఐదేళ్లపాటు మనిషినుంచి మనిషికి పాకుతూ వచ్చుంటే ఆ తేడా వంద దాటాలి. అంటే కోలుకున్న ఒకరి ఒంట్లో అది ఎత్తిరాత దాదాపు ఆపేసి దాక్కుందన్నమాట. కంట్లో, వృషణాల్లో రోగనిరోధక శక్తి పట్టు తక్కువ. వీర్యంలో ఏడాదికి పైగా నిలిచిన సంగతి అంతకుముందే తెలుసు, ఐదేళ్లని ఎవరూ అనుకోలేదు. కోలుకున్నవాళ్లను వెలివేస్తే పరీక్షకు రావడం మానేస్తారు. వాళ్లకు ఏళ్ల తరబడి వైద్యం, తోడు అందించడమే నా దృష్టిలో సరైన పని.

ఇట్లు,
మీ తాతయ్య