రాత్రి కూడా ఎందుకు చల్లబడట్లేదంటే...

పిల్లలూ,

మొన్న ఫోన్లో "అమ్మమ్మా, మీ చిన్నప్పుడు ఏసీ లేకుండా ఎలా పడుకునేవాళ్లు?" అని అడిగారు కదా, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

బెజవాడలో ఎండ అప్పుడూ ఉండేది. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. కానీ పొద్దుగూకాక డాబా మీద నాలుగు బిందెల నీళ్లు చల్లి, కాసేపు ఆగి పక్కలు వేసుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు రాత్రి పదకొండింటికి కూడా అదే డాబా కాళ్లకు వేడిగా తగులుతోంది.

బొగ్గు, పెట్రోలు మండించీ మండించీ లోకమంతా వేడెక్కించాం, అదొకటి. దానికి తోడు ఊళ్లో సిమెంటు, తారు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రంతా మన మీదకే వదులుతాయి, చల్లబరచడానికి చెట్లూ చెరువులూ మిగల్లేదు. పగలు ఎండకు అలిసిన ఒళ్లు రాత్రైనా తేరుకోవాలి, అది కుదరకపోతే ప్రాణం మీదకి వస్తుంది. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకు పోయినవాళ్లు వెయ్యిమందికి పైనే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

ఏసీ వేడిని మాయం చెయ్యదమ్మా, గదిలోంచి తీసి సందులోకి తోస్తుంది, తను వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగా అక్కడికే చేరుతుంది. ఏసీ కొనుక్కోలేని వాళ్ల కిటికీ ఆ సందులోనే ఉంటుంది. 2024 మే 30న దేశంలో కరెంటు వాడకం 250 గిగావాట్లకు చేరింది, అంతకుముందు ఎన్నడూ అంత లేదు. పగలైతే సోలార్ ఆదుకుంటుంది, రాత్రి ఏసీలకు ఎక్కువగా బొగ్గే దిక్కు, ఆ బొగ్గుతో మళ్లీ వేడి.

అలాగని ఏసీ వద్దని చెప్పను. ముసలివాళ్లకూ చంటిపిల్లలకూ కావాలి. 18లో పెట్టి దుప్పటి కప్పుకోకండి, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుంది, 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. హైదరాబాదులో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మీకు కూలరైనా పనిచేస్తుంది, ఇక్కడి ఉక్కపోతలో చెమటే ఆరదు, ఇక కూలరేం చేస్తుంది!

తెలంగాణలో 2023లో ఇంటికప్పులు చల్లగా ఉంచడానికి ఒక పాలసీయే తెచ్చారు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, అంతే కిటుకు. మేమూ ఈసారి డాబాకి సున్నం కొట్టించాం. కింద గదిలో కుట్టుపని చేసుకునే అమ్మాయి మధ్యాహ్నాలు కూడా మిషన్ ముందు కూర్చోగలుగుతోంది. సెలవులకు వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం మన డాబా మీద ఒక చెయ్యి, పక్కింటి డాబా మీద ఒక చెయ్యి పెట్టి చూడండి.

మీ అమ్మమ్మ