సొంత మొబైల్ ఓఎస్: అపోహలు, వాస్తవాలు

ఫోన్లు తయారుచేసే సంస్థ ఏదైనా సొంత ఆపరేటింగ్ సిస్టమ్ తెస్తానని ప్రకటించగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు ఇక గూగుల్ పని అయిపోయిందని పొంగిపోతారు. మరికొందరు నోకియానూ బ్లాక్‌బెర్రీనీ గుర్తుచేసి, ఫోన్ బయటకు రాకముందే దానికి పాడె కట్టేస్తారు. కొత్త సర్క్యూట్ బోర్డు మీదికి ఓఎస్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను) ఎక్కించి, దాన్ని జేబులో పెట్టుకోదగిన ఫోన్‌గా నిలబెట్టడం నా వృత్తి. ఆ పనిలో ఉంటూ చూసినప్పుడు ఈ రెండూ తొందరపాటు మాటలుగానే తోస్తాయి. ఓఎస్‌ను తయారుచేయడం కష్టమే కానీ, ఈ నిర్ణయం తేలేది ఎక్కువగా దాని చుట్టూ ఉన్న యాప్‌లు, ఒప్పందాలు, ఎన్నేళ్లు భరించగలరన్న లెక్కల దగ్గర.

అపోహ: సొంత ఓఎస్ అంటే మొదటి వరుస నుంచి తామే రాసుకున్నది.

ఆ కొలతతో చూస్తే ఆపిల్ కూడా నెగ్గదు. ఐఫోన్ కెర్నెల్‌కు, అంటే హార్డ్‌వేర్‌ను నేరుగా నడిపే ఓఎస్ కేంద్ర భాగానికి, మూలాలు మాక్ (Mach), బీఎస్‌డీ అనే పాత ఓఎస్ పరిశోధనల్లో ఉన్నాయి. నెక్స్ట్ సంస్థను కొనుగోలు చేయడంతో అవి ఆపిల్‌కు చేరాయి. పామ్ వారి వెబ్‌ఓఎస్, శామ్‌సంగ్ టైజెన్ రెండూ లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ కెర్నెల్ మీద నిలబడినవే. బ్లాక్‌బెర్రీ 10కు పునాది అయిన క్యూఎన్ఎక్స్ అనే ఓఎస్‌ను బ్లాక్‌బెర్రీ సంస్థ 2010లో కొనుక్కుంది. కెర్నెల్ ఎవరిదైనా ఫరవాలేదు. యాప్‌లు ఆధారపడే ఏపీఐలను (ఓఎస్ సేవలను యాప్‌లు అడిగే పద్ధతులను) ఎవరు నిర్ణయిస్తారు, స్టోర్ ఎవరి చేతిలో ఉంది, అప్‌డేట్ ఏ రోజు వెళ్లాలో ఎవరు చెబుతారు అన్నవే ముఖ్యం.

హువావే ఓఎస్ విషయంలో ఈ అపోహ రెండు వైపులా పనిచేసింది. 2021 జూన్‌లో హార్మనీఓఎస్ ఫోన్లకు వచ్చినప్పుడు అందులో ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ ఉందని, ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తున్నాయని బయటపడగానే ఇదంతా పేరు మార్చిన ఆండ్రాయిడేనని చాలామంది కొట్టిపారేశారు. ప్రచారంలో అతిశయోక్తి ఉన్న మాట నిజమే. అయితే కోట్లాది ఫోన్లు ఇప్పటికే జనం చేతుల్లో ఉన్న సంస్థ ముందు పాత యాప్‌లను నడిపిస్తూ, పై పొరలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వెళ్లడమే సరైన క్రమమని నా అభిప్రాయం. 2024 అక్టోబరులో విడుదలైన హార్మనీఓఎస్ నెక్స్ట్‌లో ఆ ఆండ్రాయిడ్ భాగాన్ని తీసేశారు. దాంతో ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నేరుగా నడవవు.

అపోహ: హార్డ్‌వేర్ తమదే కాబట్టి దాని మీద తమ ఓఎస్‌ను నడిపించడం తేలిక.

ఫోన్ మీద సంస్థ పేరు ఉన్నంత మాత్రాన లోపలి చిప్ తమదైపోదు. చాలామంది తయారీదారులు చిప్‌సెట్‌ను బయట కొంటారు. దానితోపాటు వచ్చే డ్రైవర్లు (విడిభాగాలను నడిపే ప్రోగ్రాములు), కెమెరా, గ్రాఫిక్స్ లైబ్రరీలు ఆండ్రాయిడ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి, పైగా చాలావరకు సోర్స్ కోడ్ ఇవ్వని, కాబట్టి మనం మార్చలేని బైనరీలు. నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెమ్‌లోనైతే దాని సొంత లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) వేరే ప్రాసెసర్ మీద నడుస్తూ ఉంటుంది; పైనున్న ఓఎస్ దానికి ఆదేశాలు పంపగలదే తప్ప లోపలికి చూడలేదు. యోల్లా సంస్థ సెయిల్‌ఫిష్ అనే తన ఓఎస్‌ను ఫోన్లలోకి తేవడానికి, ఆండ్రాయిడ్ డ్రైవర్లనే తన లైనక్స్ నుంచి వాడుకునే లిబ్‌హైబ్రిస్ అనే వంతెన మీద ఆధారపడింది. ఆపిల్ 2010లో ఏ4 చిప్ నుంచి ప్రాసెసర్ రూపకల్పనను తన చేతుల్లోకి తీసుకున్నది ఊరికే కాదు.

కొత్త బోర్డు మీద మొదటిసారి పక్కన కలిపిన కంప్యూటర్‌లోని సీరియల్ కన్సోల్‌లో కెర్నెల్ సందేశాల లాగ్ కదలడం, ఆ తర్వాత తెర వెలగడం చూసి పై అధికారులు సంతోషిస్తారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. తెర ఆర్పిన ఫోన్ నిజంగా నిద్రపోవాలి; సెన్సర్ డ్రైవర్ ఒక్కటి చిప్‌లోని క్లాక్ సంకేతాన్ని వదలకపోయినా, ఏదో ఒక సేవ పదే పదే వేక్‌లాక్ (నిద్రపోవద్దన్న ఆదేశం) పట్టుకున్నా ప్రాసెసర్ లోతైన నిద్రలోకి జారదు. 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్ నిద్రలో 5 మిల్లీఆంపియర్లు తీసుకుంటే లెక్క ప్రకారం 800 గంటలు నిలుస్తుంది; అదే 40 తీసుకుంటే 100 గంటలకే ఖాళీ అవుతుంది. వాడేవారికి ఈ అంకెలతో పని లేదు, రాత్రి పెట్టిన ఛార్జ్ తెల్లారేసరికి తగ్గిపోయిందన్న ఒక్క సంగతి తప్ప. ఈ తేడాను రాబట్టడానికి పవర్ రైల్స్‌ను, అంటే ఒక్కో భాగానికి కరెంటు చేరవేసే దారులను, ఒక్కొక్కటిగా కొలుస్తూ వారాల తరబడి కూర్చోవాలి. ఆండ్రాయిడ్‌ను ఎంచుకున్న సంస్థకు ఈ పనిలో సగం చిప్ అమ్మేవారే చేసి ఇస్తారు, సొంత ఓఎస్ సంస్థకు ఎవరూ చేసిపెట్టరు.

అపోహ: ఆండ్రాయిడ్ ఉచితం, కాబట్టి సొంత ఓఎస్‌కు ఖర్చు పెట్టడం దండగ.

ఓపెన్ సోర్స్ కోడ్ ఉచితమే. ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్, నోటిఫికేషన్లను చేరవేసే సేవలు ఆ కోడ్‌లో భాగం కావు; వాటికి గూగుల్‌తో విడిగా ఒప్పందం కుదుర్చుకోవాలి, ఫోన్ అనుకూలతా పరీక్షలు నెగ్గాలి. ఆ ఒప్పందాల్లోని షరతులు ఎంత బరువైనవో 2018 జులైలో ఐరోపా కమిషన్ గూగుల్‌కు విధించిన 434 కోట్ల యూరోల జరిమానా చెబుతుంది. సెర్చ్, క్రోమ్‌లను ముందే పెట్టించడం, ఆండ్రాయిడ్‌కు వేరు రూపాలు తేకుండా తయారీదారులను కట్టడి చేయడం అందులోని ప్రధాన ఆరోపణలు. జరిమానా మొత్తాన్ని 2022లో అక్కడి న్యాయస్థానం కొంత తగ్గించింది. ఆ కట్టడి ఎలా పనిచేస్తుందో ఏసర్‌కు ముందే అనుభవమైంది: 2012 సెప్టెంబరులో అలీబాబా వారి అలియూన్ ఓఎస్‌తో ఫోన్ విడుదల చేయబోయి, గూగుల్ అభ్యంతరంతో చివరి క్షణంలో కార్యక్రమాన్నే రద్దు చేసుకుంది.

పేటెంట్ల ఖర్చు మరొకటి. ఆండ్రాయిడ్ ఫోన్లు అమ్మినందుకు శామ్‌సంగ్ ఒక్క ఏడాదిలో మైక్రోసాఫ్ట్‌కు 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లించిందని 2014లో కోర్టు పత్రాల ద్వారా వెల్లడైంది. సొంత ఓఎస్ ఉంటే పేటెంట్ల బాధ తప్పుతుందని కాదు. ఉచితమన్న మాటను అక్షరాలా నమ్మకూడదని మాత్రమే చెబుతున్నాను.

అపోహ: ఓఎస్ బాగుంటే జనం కొంటారు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచిన నమ్మకం ఇదే, ఇంజినీర్లం ఎక్కువగా నమ్మేదీ దీన్నే. 2009లో పామ్ ప్రీతో వచ్చిన వెబ్‌ఓఎస్ తెరిచి ఉన్న యాప్‌లను కార్డులుగా పరిచి, వద్దనుకున్నదాన్ని పైకి విసిరేయనిచ్చింది. ఇప్పుడు అన్ని ఫోన్లలోనూ ఆ పద్ధతే కనిపిస్తుంది. 2011లో వచ్చిన నోకియా ఎన్9లో ముందుభాగాన ఒక్క బటన్ కూడా లేదు. తెర అంచు నుంచి వేలిని జరపడంతోనే పని అంతా జరిగేది. రెండూ సొగసైన పనితనమే, అయినా మార్కెట్లో నిలవలేదు.

యాప్ రాసే సంస్థ వాడుకరులు ఎక్కడ ఉంటే అక్కడికి వెళుతుంది. వాడుకరి యాప్‌లు ఉన్న ఫోన్‌నే కొంటాడు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్నట్టు ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. ఐఫోన్‌కు ఈ చిక్కు ఎదురుకాకపోవడానికి కారణం అది ముందుగా రావడమే: 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచినప్పుడు దాదాపు 500 యాప్‌లే ఉన్నాయి, కానీ ఎదుట లక్షల యాప్‌లతో కూర్చున్న పోటీదారు ఎవరూ లేరు. మూడో వరుసలో వచ్చినవారికి ఆ అదృష్టం దొరకలేదు. దానికి తోడు, జనం రోజూ వాడే కొన్ని సేవలు పోటీదారు చేతిలోనే ఉంటాయి. విండోస్ ఫోన్ కోసం మైక్రోసాఫ్ట్ స్వయంగా తయారుచేసిన యూట్యూబ్ యాప్‌ను 2013 ఆగస్టులో గూగుల్ అడ్డుకుంది. అంత పెద్ద సంస్థకే ఆ గతి పడితే తక్కినవారి సంగతి ఊహించుకోవచ్చు.

అపోహ: ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచేలా ఏర్పాటు చేస్తే యాప్‌ల సమస్య తీరిపోతుంది.

సమస్య తీరదు, వాయిదా పడుతుంది. బ్లాక్‌బెర్రీ 10 ఆండ్రాయిడ్ యాప్‌లను నడిపింది. 2014లో అమెజాన్ యాప్‌స్టోర్‌నే లోపల పెట్టి ఇచ్చింది. అయినా 2015 చివర్లో ఆ సంస్థ ప్రివ్ పేరుతో ఆండ్రాయిడ్ ఫోన్‌నే తేవలసి వచ్చింది. పాత యాప్ ఎలాగో నడుస్తున్నప్పుడు ఈ ఓఎస్ కోసం ప్రత్యేకంగా మరొకటి రాయడానికి డెవలపర్‌కు కారణం మిగలదు. చివరికి సొంత ఓఎస్ మీద జనం వాడేవన్నీ పక్కింటి యాప్‌లే అవుతాయి, అదీ కాస్త నెమ్మదిగా, కాస్త వింతగా నడిచేవి.

నడవడం అన్నది కూడా అన్ని యాప్‌లకూ వర్తించదు. బ్యాంకు యాప్‌ను తీసుకోండి. తెరవగానే అది ఫోన్‌ను తనంతట తాను నమ్మదు. ఈ పరికరం ధ్రువీకరణ పొందినదేనా, బూట్‌లోడర్‌కు (ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాముకు) తాళం వేసి ఉందా అని గూగుల్ సేవను అడుగుతుంది. జవాబు గూగుల్ సర్వర్ డిజిటల్ సంతకం చేసిన టోకెన్ రూపంలో బ్యాంకు సర్వర్‌కు చేరాలి. అనుకరణ పొర ఎంత చక్కగా ఉన్నా ఆ సంతకాన్ని పుట్టించలేదు. యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది, లోగో కనిపిస్తుంది, ఆ తర్వాత ఈ పరికరంలో సేవ అందుబాటులో లేదన్న సందేశం వస్తుంది. సాంకేతికంగా మా వైపు లోపం ఏమీ లేకపోయినా, ఫోన్ కొన్నవారికి అది మా లోపమే.

అపోహ: డబ్బు, పట్టుదల ఉంటే ఎవరైనా సాధించగలరు.

మైక్రోసాఫ్ట్ దగ్గర డబ్బుకు కొదవ లేదు. శామ్‌సంగ్ దగ్గర డబ్బుతోపాటు ఫ్యాక్టరీలు, చిప్‌లు, తెరలు అన్నీ ఉన్నాయి. 2010లో బాడా అనే తన ఓఎస్‌తో వేవ్ ఫోన్‌ను తెచ్చింది, 2015 జనవరిలో భారతదేశంలో జెడ్1తో టైజెన్ ఫోన్‌ను తెచ్చింది, ఈ కాలమంతా గెలాక్సీ ఫోన్లను ఆండ్రాయిడ్‌తోనే అమ్మింది. టైజెన్ ఫోన్లలో నిలవలేదు గానీ టీవీల్లో స్థిరపడింది. హెచ్‌పీ వదిలేసిన వెబ్‌ఓఎస్‌ను 2013లో ఎల్‌జీ తీసుకుని టీవీల్లోకే మార్చింది. టీవీకి కావలసినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన వీడియో యాప్‌లే కాబట్టి అక్కడ సొంత ఓఎస్ గిట్టుబాటవుతుంది. గడియారాల్లో లెక్క వేరు: 2021లో గెలాక్సీ వాచ్4తో శామ్‌సంగ్ టైజెన్‌ను పక్కనబెట్టి గూగుల్ వారి వేర్ ఓఎస్‌కు మారింది.

హువావే ఉదాహరణను పట్టుదలకు నిదర్శనంగా చెప్పేవారు రెండు విషయాలు దాటేస్తారు. 2019 మేలో అమెరికా ఆంక్షల జాబితాలో చేరాక కొత్త ఫోన్లలో గూగుల్ సేవలు పెట్టే దారి మూసుకుపోయింది, అంటే పోల్చి ఎంచుకోవడానికి రెండో మార్గమే లేదు. రెండోది, చైనాలో అమ్మే ఫోన్లలో గూగుల్ సేవలు అంతకుముందు నుంచే లేవు; అక్కడి యాప్‌లు వాటి మీద ఆధారపడకుండానే పెరిగాయి. అదే సంస్థ ఫోన్లు చైనా బయట ఎంతగా తగ్గిపోయాయో చూస్తే, ఆ విజయంలో ఓఎస్ వాటా ఎంత, మార్కెట్ వాటా ఎంత అన్నది తెలుస్తుంది.

అపోహ: పోటీదారు ఓఎస్‌ను తీసుకోవడం సురక్షితమైన దారి.

నోకియా మొండిగా సొంత ఓఎస్‌ను పట్టుకుని మునిగిపోయిందని ఇప్పటికీ చదువుతుంటాం. 2011 ఫిబ్రవరి 11న ఆ సంస్థ చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం: తన ఫోన్లలోని సింబియన్ ఓఎస్‌ను వదిలి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్‌ను ఎంచుకుంటున్నామని ప్రకటించింది. విండోస్‌తో నోకియా తెచ్చిన తొలి ఫోన్ లూమియా ఆ ఏడాది చివర్లో గానీ దుకాణాలకు రాలేదు. పోబోతోందని తయారీదారే చెప్పిన ఓఎస్ ఉన్న ఫోన్‌ను ఆ మధ్యకాలంలో ఎవరు కొంటారు? సింబియన్ పాతబడిన మాట వాస్తవమే, కానీ దాని అమ్మకాలను అంత వేగంగా కూల్చడంలో ఆ ప్రకటనకు పెద్ద పాత్ర ఉంది.

పగ్గాలు ఇతరుల చేతిలో ఉంటే ఏమవుతుందో మరుసటి ఏడాది తెలిసింది. లూమియా 900 అమెరికాలో 2012 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. జూన్‌లో మైక్రోసాఫ్ట్ కొత్త కెర్నెల్‌తో విండోస్ ఫోన్ 8ను ప్రకటిస్తూ, ఉన్న ఫోన్లకు అది రాదని చెప్పింది. రెండు నెలల క్రితం తన ప్రధాన ఫోన్‌ను కొన్నవారికి నోకియా ఇవ్వగలిగిన సమాధానం 7.8 అనే చిన్న అప్‌డేట్ ఒక్కటే. సొంత ఓఎస్ ఉన్న సంస్థ కూడా ఇలాంటి తప్పుడు నిర్ణయం తీసుకోవచ్చు, కాకపోతే అది తన నిర్ణయం అవుతుంది.

అపోహ: సొంత ఓఎస్ అయితే దానంతట అదే సురక్షితం.

తక్కువమంది వాడే వ్యవస్థ మీద దాడులు తక్కువగా ఉండవచ్చు. దానిలో లోపాలు వెతికే మంచివాళ్లూ తక్కువే ఉంటారు. భద్రత నెలనెలా లోపాలను సరిచేసే ప్యాచ్‌లు వెళ్లడం మీద, మోడెమ్ ఫర్మ్‌వేర్‌ను చిప్ సంస్థ ఎన్నాళ్లు సరిచేస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది.

అపోహ: ఫలించకపోతే ఆపేసుకుంటే సరిపోతుంది.

హెచ్‌పీ సుమారు 120 కోట్ల డాలర్లకు పామ్‌ను 2010లో కొని, 2011 జులైలో టచ్‌ప్యాడ్‌ను తెచ్చి, ఆగస్టులోనే చేతులెత్తేసి, మిగిలిన సరుకును 99 డాలర్లకు వదిలించుకుంది. అమ్మకం ఆగినంత తేలిగ్గా బాధ్యత ఆగలేదు. ఖాతాలు, యాప్ దుకాణం, బ్యాకప్‌ల సర్వర్లను 2015 జనవరి వరకు నడపవలసి వచ్చింది. బ్లాక్‌బెర్రీ తన పాత ఓఎస్‌లకూ బ్లాక్‌బెర్రీ 10కూ సేవలను 2022 జనవరి 4న ముగించినప్పుడు, ఆ ఫోన్లలో కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, అత్యవసర నంబర్లు సైతం నమ్మకంగా పనిచేయకపోవచ్చని ముందే హెచ్చరించింది. బ్లాక్‌బెర్రీ 10 విడుదలై అప్పటికి దాదాపు 9 ఏళ్లు. కొత్త ఓఎస్‌కు బడ్జెట్ వేసే సమావేశాల్లో ఈ తొమ్మిదేళ్ల పద్దు రాసినవారు అరుదుగా కనిపిస్తారు.