కొత్త పికప్ కొనే ముందు: లోడు, లాగుడు, బ్రేకుల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాది పికప్‌ల షెడ్డు. బ్రేకులు, కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు), ట్రైలర్ తగిలించే హుక్కులు మా ముఖ్యమైన పని. ఈమధ్య రిపేర్లకు వచ్చేవాళ్ళతో పాటు "ఏ కొత్త బండి తీసుకోమంటారు మేస్త్రీ?" అని అడగడానికి వచ్చేవాళ్ళూ పెరిగారు. ఫంక్షన్ హాళ్ళకు జనరేటర్ తిప్పే టెంట్‌హౌస్ వాళ్ళు, బీచ్ రోడ్డులో ఫుడ్ ట్రైలర్ పెట్టాలనుకునే కుర్రాళ్ళు, భీమిలి వైపు చిన్న బోటు ఉన్నవాళ్ళు, అరకులో హోమ్‌స్టే చూసుకుంటూ పిల్లల్ని కూడా అదే బండిలో స్కూలుకి దింపాలనుకునేవాళ్ళు. అందరికీ ఒకే బండి రెండు పనులకూ పనికిరావాలి. కుదురుతుంది. కాకపోతే చాలామంది ఇంజిన్ బలం ఒక్కటే చూసుకుని వస్తారు, బరువు లెక్క ఎవరూ వేయరు. బండి మీద ఎంత పడుతుంది, వెనక ఎంత తగులుతుంది, ఆ మొత్తం ఎంత దూరంలో ఆగుతుంది అనేవి తేలేదాకా అడ్వాన్స్ కట్టొద్దని నేను బతిమాలి చెబుతుంటాను.

అపోహ: "పెద్ద ఇంజిన్, ఎక్కువ ధర. కాబట్టి ఎక్కువ లోడు మోస్తుంది."

టయోటా హైలక్స్‌లో 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉంది, బలం 204 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలత). ధర కూడా ఎక్కువే. మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్‌లో హెచ్‌డీ రకం బలం 80 పీఎస్ దగ్గరే ఉంటుంది. కానీ అందులో పెద్ద మోడల్‌కి 2 టన్నుల పాసింగ్, అంటే మోయడానికి అనుమతించిన లోడు, ఉంది. 2022లో వచ్చిన టాటా యోధ 2.0 కూడా 2 టన్నుల బండే. మన దగ్గర అమ్మే డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్ల) హైలక్స్‌కి అందులో సగం కూడా లేదు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ సంగతీ అంతే: 1.9 లీటర్ల ఇంజిన్, 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), మోసే బరువు మాత్రం తక్కువ.

ఇందులో మోసం ఏమీ లేదు. మోసే బరువును నిర్ణయించేది వెనక యాక్సిల్, కమాన్లు, టైర్లు, బ్రేకులు, గేర్ల నిష్పత్తి. బొలెరోని, యోధని నెమ్మదిగా, బరువుగా వెళ్ళడానికి కట్టారు. హైలక్స్, వి-క్రాస్‌లను ఐదుగురు కూర్చుని హైవే మీద వేగంగా, అడవి దారిలో తేలికగా వెళ్ళడానికి కట్టారు. రోజూ సిమెంటు బస్తాలు తోలేవాళ్ళు రెండో రకం కొంటే డబ్బూ పోతుంది, బండీ పోతుంది.

ఆర్సీలో ఖాళీ బరువు, లోడుతో ఉండదగిన మొత్తం బరువు అని రెండు అంకెలుంటాయి. వాటి మధ్య తేడాలోనే మనుషులు, సామాను, ట్రైలర్ ముక్కు బరువు అన్నీ ఇమడాలి. ముక్కు బరువు చాలామందికి తెలియదు. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు, సుమారు పదో వంతు హుక్కు మీదకు, అంటే మన బండి వెనక్కి వస్తుంది. 1,500 కిలోల జనరేటర్ ట్రైలర్ అయితే 150 కిలోలు. లోపల ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున ఐదుగురు కూర్చుంటే 350. తొట్టిలో ఒక్క డీజిల్ క్యాన్ కూడా పెట్టకముందే 500 కిలోలు అయిపోయాయి.

అందుకే మామూలుగా మీరు వేసే లోడుతో ఒకసారి కాటా వేయించండి. మొదట బండి మొత్తం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి మళ్ళీ తూయించండి. హైవే పక్కన కాటాలకు కొదవలేదు. ఓవర్‌లోడ్‌కి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకీ ఇంకో 2,000.

అపోహ: "కమాన్ కట్టలో ఇంకో రెండు పట్టీలు వేయిస్తే పాసింగ్ పెరిగినట్టే."

మా షెడ్డులో ఎక్కువగా వినే మాట ఇదే. పట్టీలు వేస్తే బండి వెనక కుంగదు, నిజమే. కంటికి లోడు తక్కువగా కనిపిస్తుంది. కానీ యాక్సిల్ అదే, బేరింగ్ అదే, బ్రేక్ డ్రమ్ అదే, టైరు అదే. టైరు పక్కన సైజు తర్వాత వచ్చే అంకె చూడండి. అక్కడ 110 అని ఉంటే ఆ ఒక్క టైరు మోయగలిగేది 1,060 కిలోలు. ఆ పరిమితిని ఏ పట్టీ పెంచలేదు.

దీనికంటే ప్రమాదకరమైన సంగతి ఇంకోటి ఉంది. కొన్ని పికప్‌లలో వెనక బ్రేకుకి ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే వాల్వ్ ఒకటి ఉంటుంది. ఒక కడ్డీ దాన్ని వెనక యాక్సిల్‌కి కలుపుతుంది. లోడు పడి బండి కుంగితే వాల్వ్ తెరుచుకుని వెనక చక్రాలకు ఎక్కువ బ్రేక్ ఇస్తుంది. మీరు పట్టీలు కలిపి బండిని కుంగకుండా చేస్తే, ఆ వాల్వ్ లెక్కలో బండి ఖాళీగా ఉన్నట్టే. నిండు లోడుతో ఉన్నప్పుడు వెనక బ్రేక్ సగం సగమే పడుతుంది. అలాంటి బండిలో పట్టీలు వేసి వాల్వ్ సెట్టింగ్ ముట్టుకోకుండా పంపేసే పని నేను ఒప్పుకోను. కోపం తెచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, వెళ్ళనీ.

అపోహ: "ఆస్ట్రేలియాలో ఇదే బండి 3,500 కిలోలు లాగుతోంది. ఇక్కడా లాగుతుంది."

హైలక్స్ ఫోర్ బై ఫోర్‌కి (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే రకానికి) అక్కడ 3,500 కిలోల రేటింగ్ ఉన్న మాట నిజం. అది సొంత బ్రేకులున్న ట్రైలర్‌కి. బ్రేకులు లేని ట్రైలర్ అయితే 750 కిలోలే. వీడియోలు చూసి వచ్చేవాళ్ళు మొదటి అంకె గుర్తుపెట్టుకుని రెండోది వదిలేస్తారు. మన రోడ్ల మీద తిరిగే చిన్న ట్రైలర్లలో చాలావాటికి అసలు బ్రేకే ఉండదు. పైగా అక్కడి బండికి ఇచ్చిన అంకె అక్కడి బండికే. ఇక్కడ మీ బండి పుస్తకంలో ఏముందో, మీ ఆర్సీలో ఏముందో అదే చెల్లుతుంది.

లాగడం ఈ రోజుల్లో కష్టమేమీ కాదు. టర్బో డీజిల్ ఏదైనా టన్నున్నర ట్రైలర్‌ని ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి ఆనందపురం దాకా సునాయాసంగా లాక్కెళ్తుంది. పరీక్ష అంతా దిగేటప్పుడే. అనంతగిరి ఘాట్ తీసుకోండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. బండి, ట్రైలర్ కలిపి 4 టన్నులు ఉన్నాయనుకుంటే, అక్కణ్ణుంచి శృంగవరపుకోట వైపు దిగేసరికి వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు ఒక లీటరు డీజిల్ మొత్తం మండితే వచ్చేంత. గాలి, రోడ్డు కొంత తీసుకుంటాయి. మిగిలినదాన్ని ఇంజిన్ తీసుకోవాలి, లేదా బ్రేకులు తీసుకోవాలి. పెడల్ మీద కాలు పెట్టి దిగితే ఆ వేడంతా నాలుగు చక్రాల దగ్గర పోగవుతుంది. లైనర్లు వాసన వస్తాయి, బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తబడి కిందకి దిగిపోతుంది.

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే, అవసరమైతే ఇంకో గేరు తగ్గించి దిగండి. ఆటోమేటిక్ అయితే డి లో వదిలేయకుండా చేత్తో గేరు తగ్గించండి. బ్రేకుని నొక్కి పట్టుకోకుండా, గట్టిగా కొద్దిసేపు వేసి వదిలేయండి. న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందనేవాళ్ళు ఇంకా ఉన్నారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు డీజిల్ తీసుకోవడమే ఆపేస్తాయి. కాబట్టి న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ లేదు, ప్రాణం మీదకు రావడం తప్ప.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు ఊళ్ళో ఆ తేమకు లోటు లేదు. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ ఎక్కే బండికి రెండేళ్ళకోసారి మార్చడం ఖర్చు కిందికి రాదు.

అపోహ: "లాగడానికి మాన్యువల్ గేర్లే గట్టి."

హైలక్స్‌లోనే చూడండి: మాన్యువల్‌లో టార్క్ 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 500. ఎత్తులో ట్రైలర్‌తో కదిలేటప్పుడు మాన్యువల్‌లో క్లచ్ అరుగుతుంది. ఆటోమేటిక్‌లోని టార్క్ కన్వర్టర్ ఆ పనిని ద్రవంతో చేస్తుంది, కదిలే క్షణంలో బలాన్ని పెంచుతుంది కూడా. సింహాచలం కొండ మీద ట్రాఫిక్‌లో ఆగి కదిలే పని ఉంటే తేడా మీకే తెలుస్తుంది. ఆటోమేటిక్‌కి శత్రువు వేడి. తరచుగా లాగేవాళ్ళు గేర్‌బాక్స్ ఆయిల్‌ని పుస్తకంలో కష్టమైన వాడకానికి చెప్పిన గడువుకే మార్చాలి.

అపోహ: "ఫోర్ బై ఫోర్ ఉంటే ఎక్కడైనా సేఫ్."

నాలుగు చక్రాలు తోయడం కదలడానికి ఉపయోగం, ఆగడానికి కాదు. హైలక్స్, వి-క్రాస్ ఫోర్ బై ఫోర్‌లలో ఉన్నది అవసరమైనప్పుడు వేసుకునే రకం. ఎండిన తారురోడ్డు మీద వేసి తిప్పితే ముందు, వెనక చక్రాల వేగాల తేడా ఎటూ పోలేక షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. ఇసుకలో, బురదలో మాత్రమే వేయండి. ఊళ్ళో తిరగడానికి టూ బై ఫోర్ చాలు.

అపోహ: "హుక్కు ఏ వెల్డింగ్ షాపులోనైనా పెట్టించుకోవచ్చు."

బంపర్ రేకుకి అతికించిన హుక్కు బంపర్‌తో పాటే ఊడి వస్తుంది. హుక్కు బ్రాకెట్ ఛాసిస్ పొడవు కమ్మీలకు, కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లో, బోల్టులతో బిగించాలి. ఛాసిస్‌కి వెల్డింగ్ తగిలితే ఆ చోట ఉక్కు స్వభావం మారి, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. రెండు గొలుసులు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయాలి. హుక్కు జారినా ట్రైలర్ ముక్కు రోడ్డుని పొడవకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది.

ట్రైలర్‌లో బరువును యాక్సిల్‌కి కొంచెం ముందు వైపు పెట్టండి. బరువు వెనక్కి పోతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఊగితే గట్టిగా బ్రేక్ వేయొద్దు, స్టీరింగ్‌తో సరిదిద్దే ప్రయత్నం చేయొద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకో మాట: చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ట్రైలర్ పక్కన, లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కనిపించాలి.

అపోహ: "డబుల్ క్యాబ్ అంటే తొట్టి ఉన్న ఫార్చ్యూనర్."

హైలక్స్, టయోటా వాళ్ళ ఎస్‌యూవీ ఫార్చ్యూనర్ ఒకే కుటుంబం. కానీ ఫార్చ్యూనర్ వెనక కాయిల్ స్ప్రింగులు, హైలక్స్ వెనక కమాన్లు. ఖాళీగా ఉన్నప్పుడు గుంతలో వెనక ఎగురుతుంది, నడుం నొప్పి ఉన్న అమ్మని వెనక సీటులో కూర్చోబెట్టి టెస్ట్ డ్రైవ్ చేస్తే గానీ నిర్ణయం తీసుకోవద్దు. పొడవు 5.3 మీటర్లు. డాబాగార్డెన్స్ సందుల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్ మలుపులో తిరుగుతుందో లేదో మీ సెల్లార్‌లోకే తీసుకెళ్ళి చూడండి, షోరూమ్ వాళ్ళు కాదనరు. ఇంకా, రోజూ ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్ దాకా మాత్రమే నడిపితే బీఎస్ 6 డీజిల్ పొగగొట్టంలోని ఫిల్టర్ మసితో నిండుతుంది. వారానికోసారైనా హైవే ఎక్కించి అరగంట ఒకే వేగంతో నడిపితే ఆ మసి కాలిపోతుంది.

అపోహ: "అండర్‌బాడీ కోటింగ్ చేయించాం, తుప్పు టెన్షన్ లేదు."

కోటింగ్ బయటికే. ఛాసిస్ కమ్మీ లోపల బోలుగా ఉంటుంది, ఉప్పు గాలి లోపలికి వెళ్ళి అక్కణ్ణుంచే తింటుంది. బయట నల్లగా నిగనిగలాడే కమ్మీకి స్క్రూడ్రైవర్ దిగబడడం చూశాను. లోపలికి మైనం స్ప్రే చేయించండి, నీళ్ళు పోయే రంధ్రాలను కోటింగ్‌తో మూసేయకుండా చూసుకోండి. బీచ్ రోడ్డు పక్కన పార్క్ చేసేవాళ్ళు కింద భాగాన్ని మంచినీళ్ళతో తరచుగా కడగాలి. బోటు నీళ్ళలోకి దించేవాళ్ళకు ఇంకో జాగ్రత్త: దూరం లాగి వచ్చిన వెంటనే ట్రైలర్ చక్రాలను సముద్రంలో ముంచొద్దు. వేడెక్కిన హబ్ చల్లటి నీళ్ళలో పడగానే లోపలి గాలి ముడుచుకుని, ఉప్పునీళ్ళను బేరింగ్‌లోకి లాగేస్తుంది. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక దించండి.

అపోహ: "పసుపు బోర్డు పికప్ నడపాలంటే వేరే లైసెన్సు కావాలి."

మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. మనం మాట్లాడుకున్న పికప్‌లన్నీ ఈ లోపే. తెల్ల బోర్డు బండితో అద్దెకు సరుకు తోలడం మాత్రం వేరే విషయం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ రోజు బండి ఏ పని మీద ఉందనే. కాబట్టి కిరాయికి తిప్పే ఆలోచన కాస్తయినా ఉంటే కొనేటప్పుడే రవాణా బండిగా రిజిస్ట్రేషన్ చేయించండి.