ఎగువన ద్రాక్ష, దిగువన కోకో

"నాసిక్ ద్రాక్ష తాగేదీ గోదావరి నీళ్లే, మన కొబ్బరి తాగేదీ గోదావరి నీళ్లే. మరి ద్రాక్ష అక్కడే ఎందుకండీ పండుతుంది?" కోనసీమ రైతు ఎవరైనా ఇలా అడిగితే నవ్వి ఊరుకోకూడదు. గోదావరి త్ర్యంబకేశ్వర్ కొండల్లో పుట్టి, నాసిక్ పక్కగా దిగి, సుమారు 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాసిక్ ఎగువన గంగాపూర్ డ్యామ్ ఉంది. ఆ నీటి చుట్టుపక్కలే 1990ల చివర్లో సులా అనే వైన్ కంపెనీ ద్రాక్షతోటలు మొదలయ్యాయి. తర్వాత దిండోరి, నిఫాడ్ వైపు చిన్నాపెద్దా వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, చాలా లేచాయి.

తేడా అంతా మట్టిలో ఉందని చాలామంది అనుకుంటారు. వైన్ కంపెనీలు కూడా "మా నేల రుచి" అని మురిపెంగా చెప్పుకుంటాయి. నిజానికి నాసిక్ కింద ఉన్నది దక్కన్ నల్లరాయి. అది లక్షల ఏళ్లుగా అరిగి, గోదావరి వరదలో కొట్టుకొచ్చి, మన ఒండ్రులో కలిసింది. లంక భూముల్లో చేతికంటుకునే నల్లమట్టిలో కొంత నాసిక్ వైపు నుంచి వచ్చిందే. రాయి ఒకటే అయినా పంట వేరు కాబట్టి జవాబు వేరేచోట వెతకాలి. అది రాత్రి చలిలోనూ, నీరు నిలవడంలోనూ ఉంది.

ముందు రాత్రి సంగతి. ద్రాక్షగుత్తి రంగు తిరిగాక పగటి ఎండ దానిలో చక్కెర పెంచుతుంది. అదే సమయంలో పండుకు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని కణాలు శ్వాసక్రియలో ఖర్చు చేసేస్తాయి. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి పోతుంది. అందుకే తీపి పెరుగుతున్నా పులుపు మిగులుతుంది. ఆ రెండూ కలిస్తేనే వైన్‌కు పస. సముద్రం పక్కనే ఉన్న అమలాపురంలో జనవరి రాత్రి కూడా గోరువెచ్చగానే ఉంటుంది. ఇక్కడ ద్రాక్ష పండినా పులుపు లేని చప్పటి తీపే వస్తుంది. తినడానికి పర్వాలేదు, వైన్‌కు పనికిరాదు.

ఇక నీరు. ద్రాక్ష వేరుకు గాలి కావాలి. వాలు మీద, గులకమట్టిలో నీరు జారిపోతే అది సుఖంగా ఉంటుంది. కాస్త దాహం పెడితేనే పండు చిన్నదై, తోలు మందమై, రంగూ రుచీ చిక్కబడతాయి. డెల్టాలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు. మురుగు కాలువ పూడిందంటే చేలో వారం రోజులు నీరు కదలదు. వరి దీన్ని భరిస్తుంది, కొబ్బరి సర్దుకుంటుంది. ద్రాక్ష ఆ రెండూ చేయదు.

క్యాలెండర్ కూడా మనతో కలిసిరాదు. చలిదేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. మన వేడిలో దానికి నిద్ర లేదు, కత్తెరతోనే నిద్రపుచ్చాలి, కత్తెరతోనే లేపాలి. నాసిక్ రైతు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఇంకోసారి కత్తిరిస్తాడు. మొదటిది కొమ్మ కోసం, రెండోది గుత్తి కోసం. జనవరి నుంచి మార్చిలోపు కోత. మన తీరంలో అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల టెన్షన్. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లనే విరిచి పడేసింది. లేత చిగుళ్ల పందిరి ఏపాటిది?

నాసిక్ చిన్న వైనరీ పని తీరులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. దానికి సొంత తోట కొంచెమే ఉంటుంది, మిగతా పండు రైతుల దగ్గర కొంటుంది. కొనేది టన్నుల లెక్కన అయినా, నిజానికి కొంటున్నది ఆ ఫలానా మడి, ఆ మడి రైతు నిర్ణయాలు. రసం చుక్కను చిన్న గాజు పరికరంలో చూసి చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్ (ఇంచుమించు రసంలో చక్కెర శాతం) మధ్య ఉందా అని లెక్కేస్తారు. పులుపు కొలుస్తారు. కోత తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండెక్కాక కోస్తే పండు దారిలోనే పులవడం మొదలెడుతుంది. గొడవ ఎక్కడంటే, టన్నుకింత అని డబ్బిస్తే రైతు ఎక్కువ గుత్తులు ఉంచుతాడు. వైనరీ తక్కువ గుత్తులు, చిక్కటి రసం కావాలంటుంది. ఒప్పందంలో ఈ ముడి విప్పలేని వైనరీకి ఏ నేల దొరికినా లాభం లేదు.

ఇప్పుడు డెల్టాకు వద్దాం. ఇక్కడా పులియబెట్టే పంట ఒకటుంది: కొబ్బరి నీడలో, మెట్టకు వెళితే ఆయిల్ పామ్ నీడలో, కోకో. దేశంలో కోకో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే, అందులో సింహభాగం ఉభయ గోదావరి, ఏలూరు ప్రాంతాలది. వేడి రాత్రి, గాలిలో తేమ, నీడ, ద్రాక్షకు గిట్టనివన్నీ దీనికి కావాలి. అయినా నీరు నిలవడం మాత్రం దీనికీ పడదు, అందుకే కొబ్బరి గట్లు ఎత్తుగా ఉన్నచోటే బాగా వస్తుంది. పూలు కొమ్మ చివర కాక కాండం, లావు కొమ్మల మీదే పూస్తాయి. వాటిని కలిపేది తేనెటీగ కాదు, కుళ్లిన ఆకుల్లో పుట్టే, దోమకన్నా చిన్న ఈగ. తోట మరీ శుభ్రంగా ఊడ్చేస్తే కాయ తగ్గేది అందుకే.

ఇంకో బంధుత్వం కూడా ఉంది. వానాకాలంలో కోకో కాయ నల్లగా కుళ్లితే మన రైతు మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొడతాడు. అది పుట్టింది ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో. బోర్డో దగ్గర దారి పక్క తీగలకు, దొంగలు కోసుకుపోకుండా, రైతులు ఆ నీలిరంగు పూత పూసేవారు. పూసిన తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు.

కాయ కొట్టి చూస్తే లోపల ముప్ఫై నలభై గింజలు, చుట్టూ తెల్లటి గుజ్జు. చప్పరిస్తే తియ్యపుల్లగా ఉంటుంది. వాటిని చెక్క పెట్టెలో పోసి, అరటాకు కప్పి, పైన గోనె పరుస్తారు. మొదటి రోజు ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది, కల్లు వాసన వస్తుంది. రెండో రోజు తిరగేస్తే గాలి తగిలి వెనిగర్ బ్యాక్టీరియా లేస్తుంది. వైన్‌లో అది చొరబడితే పీపా పారబోయాల్సిందే, కోకోలో అసలు పనివాడు అదే. కుప్ప 45 డిగ్రీలు దాటి పొగలు కక్కుతుంది. లోపలి మొలక చచ్చి, కణాల గోడలు తెగి, వగరు రసాలూ ఎంజైములూ కలుస్తాయి. వేయించినప్పుడు చాక్లెట్ వాసన ఇచ్చే పదార్థాలు తయారయ్యేది ఇక్కడే. అయిదారు రోజులయ్యాక ఆరబెట్టి తేమ 7 శాతానికి దింపుతారు.

కొనేవాడు ఎండిన గింజను నిలువునా కోసి చూస్తాడు. గోధుమరంగులో చీలికలు పడి ఉంటే మంచిది, ఊదా రంగైతే అరకొర, పలకలా బూడిదరంగులో ఉంటే పులవనేలేదు. రెండెకరాల రైతు కుప్ప చిన్నది, సరిగ్గా వేడెక్కదు. వానలో ఆరదు, పొయ్యి మీద ఆరబెడితే పొగవాసన పట్టేస్తుంది. అందుకే ఇప్పుడు కొందరు పచ్చి గింజలనే కొని, తామే ఒకచోట పులియబెడుతున్నారు. హైదరాబాద్‌లోని 'మనం చాక్లెట్' లాంటి చిన్న తయారీదారులు పశ్చిమ గోదావరి కోకోతోనే పేరు తెచ్చుకున్నారు.

ద్రాక్ష రైతు పని కాటా దగ్గర అయిపోతుంది, పులియబెట్టేది వైనరీ. గింజను ఇంట్లోనే పులియబెట్టి అమ్మే కోకో రైతు మాత్రం వైనరీ పనిలో సగం తానే చేస్తున్నాడు. అయినా బజారులో అందరి గింజలూ ఒకే బస్తాలో కలిసి, ఒకే రేటుకు పోతాయి. 2024లో ప్రపంచ ధర టన్ను 10,000 డాలర్లు దాటినప్పుడు మంచి గింజకూ, ఊదా గింజకూ తేడా ఎవరూ అడగలేదు. ధర దిగగానే ఆ తేడాలన్నీ చూపి కోత పెట్టారు. చిన్న తయారీదారుతో ఒప్పందానికి కూర్చున్న రైతు ముందుగా అడగాల్సింది కిలో ధర కాదు. తన తోట గింజను విడిగా ఉంచుతారా, కోసి చూసిన ఫలితం తనకూ చూపిస్తారా, పులియబెట్టిన పనికి వేరే డబ్బు కడతారా అని అడగాలి. ఆ మూడూ కాగితం మీదకు వచ్చాక రేటు మాట్లాడుకోవచ్చు.