జిప్సం బోర్డు గోడ: అపోహలు - వాస్తవాలు

హాలులో ఒక పక్క పిల్లల చదువు గది కావాలంటారు. జిప్సం బోర్డుతో, అంటే రెండు కాగితాల మధ్య జిప్సం పొర ఉండే పలకతో, పార్టిషన్ వేద్దామనగానే ఆ ఇంటి పెద్దాయన లేచి, ఉన్న ఇటుక గోడను వేళ్ళతో కొట్టి చూపిస్తారు: "ఇంత గట్టిగా ఉంటుందా బాబూ?" పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న లేని ఇల్లు నాకు తగల్లేదు.

అపోహ: అట్ట గోడ. మేకు కూడా నిలవదు.

మేకు నిలవదు, నిజమే. ఈ గోడకు బలం బోర్డుది కాదు, లోపలి చట్రానిది. నేల మీద, పైన స్లాబుకు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) చానళ్ళు బిగించి, వాటి మధ్య రెండడుగులకొకటి చొప్పున స్టడ్లు అనే నిలువు కమ్మీలు నిలబెడతాం. రెండు వైపులా 12.5 మిల్లీమీటర్ల బోర్డు పెట్టి, అడుగుకొకటి చొప్పున స్క్రూలు వేస్తాం. ఇలా వేసిన గోడ చదరపు మీటరుకు సుమారు 25 కిలోలు తూగుతుంది. నాలుగంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగుతో కలిపి 200 కిలోలు దాటుతుంది. కింద దూలం లేని చోట, పై అంతస్తులో గది విడదీయాలంటే ఈ తేడాయే అసలు సంగతి.

గడియారం, చిన్న పటం లాంటివాటికి బోర్డు కోసం వచ్చే ప్రత్యేకమైన ప్లగ్గులు చాలు. టీవీ, పుస్తకాల అల్మరా తగిలించాలంటే మాత్రం బోర్డు మూయకముందే చెప్పాలి. ఆ ఎత్తులో స్టడ్ల మధ్య ప్లైవుడ్ పలక బిగిస్తాం. మూయడానికి ముందు కొలత టేపు కనిపించేలా చట్రాన్ని ఫోటో తీసి దాచుకోండి. స్టడ్ ఎక్కడుందో, కరెంటు పైపు ఎక్కడుందో ఐదేళ్ళ తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియనుకు ఆ ఫోటోయే దారి చూపిస్తుంది.

అపోహ: ఆకుపచ్చ బోర్డు వేస్తే నీళ్ళు తగిలినా ఏమీ కాదు.

ఆకుపచ్చ కాగితం ఉన్న బోర్డు గాలిలోని తేమను తట్టుకుంటుంది. నిలిచిన నీటిని తట్టుకోదు. స్నానాల గదిలో షవర్ నీళ్ళు నేరుగా పడే గోడకు సిమెంటు బోర్డు వేసి, దాని మీద నీరు దిగని పూత వేసి, ఆపైన టైల్స్ అతికించాలి.

మన ఇళ్ళలో అసలు ముప్పు నేల కడగడం. పండగొస్తే బకెట్లతో నీళ్ళు పోసి చీపురుతో తోస్తాం. పని కొత్తలో ఒక ఇంట్లో బోర్డును నేలకు ఆనించి వేశాను. సంక్రాంతికి ఇల్లు కడిగారు. వారం తిరగకముందే గోడ అడుగున జానెడు ఎత్తు ఉబ్బి, రంగు పొక్కులు లేచింది. నా డబ్బుతోనే మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి బోర్డును నేలకు సెంటీమీటరు పైన ఆపుతున్నాను. ఆ సందును సీలెంటుతో (సందులు మూసే మెత్తని పదార్థం) నింపి, స్కర్టింగ్ టైల్‌తో కప్పేస్తాం.

అపోహ: స్క్రూ ఎంత బిగిస్తే గోడ అంత గట్టి.

స్క్రూ తల కాగితం మట్టానికి కొద్దిగా లోపలికి దిగితే చాలు. కాగితం చిరిగితే పట్టు పోయినట్లే.

అపోహ: చెదలు పట్టవు, నిప్పు అంటదు.

జిప్సం చెదలకు తిండి కాదు గానీ, దాని మీది కాగితం తిండే. డబ్బు మిగులుతుందని లోపల చెక్క చట్రం పెట్టించుకుంటే విందు భోజనమే. ఇక నిప్పు సంగతి. జిప్సం బరువులో దాదాపు ఐదో వంతు నీరే, స్ఫటికాలలో ఇమిడి ఉంటుంది. మంట తగిలినప్పుడు ముందు ఆ నీరు ఆవిరి కావాలి కాబట్టి వేడి అవతలి వైపుకు ఆలస్యంగా చేరుతుంది. మంటను ఆలస్యం చేస్తుంది, అంతే.

అపోహ: మాటలన్నీ పక్క గదిలోకి వినిపిస్తాయి.

ఖాళీగా వదిలేస్తే వినిపిస్తాయి. స్టడ్ల మధ్య రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది లాంటి నార) నింపితే బాగా తగ్గుతాయి. కానీ రెండు గదుల స్విచ్ బాక్సులను వీపుకు వీపు ఆనించి పెట్టినా, తలుపు కింద వేలెడు సందు వదిలినా ఆ ఖర్చు దండగ.

అపోహ: పగుళ్ళు వచ్చాయంటే బోర్డు నాసిరకం.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది దీని మీదే. నేను చూసినంతలో పగులు బోర్డు మధ్యలో రాదు, అతుకు దగ్గర వస్తుంది. బోర్డు పొడవు అంచులు కావాలనే కాస్త పలచగా తయారుచేస్తారు. ఆ పల్లంలో జాయింటింగ్ కాంపౌండ్ (అతుకులు నింపే ముద్ద) వేసి, తడిగా ఉండగానే కాగితపు టేపు అద్ది, ఆరాక మరో రెండు పూతలు ఒకదానికంటే ఒకటి వెడల్పుగా లాగాలి. టేపు లేకుండా సందులో పీఓపీనో, గోడల పుట్టీనో కూరితే అది గట్టిపడి, గోడ ఏ కొంచెం కదిలినా విడిపోతుంది.

బోర్డులు ఎక్కడ కలవాలన్నది కూడా ముందే ఆలోచించాలి. తలుపు చట్రం మూలకు సరిగ్గా అతుకు వస్తే, తలుపు వేసిన ప్రతిసారీ దెబ్బ అక్కడే తగులుతుంది. అందుకే బోర్డును మూల చుట్టూ తిరిగేలా కత్తిరించి, అతుకును పక్కకు జరుపుతాం. కొత్త గోడ పాత ఇటుక గోడను తాకే గీత వెంట పుట్టీ వద్దు, సాగే గుణమున్న సీలెంటు వేయాలి. రెండూ ఒకేలా కదలవు.

రంగు వేయకముందే ఒక సాయంత్రం లైట్లు ఆర్పి, టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. రంగు వేశాక చూస్తే తప్పు పెయింటరుదని ఆయన మీద పడతారు, పాపం.

కాంపౌండ్ ఒక్కో పూతనూ కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. వానాకాలంలో రెండు రోజులు పట్టినా పట్టవచ్చు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందరపెడితే, రంగులో ఒక పూతను ముహూర్తం అయ్యాక వేయించుకోమంటాను గానీ కాంపౌండ్ ఆరే రోజుల్లో ఒక్కటి కూడా తగ్గించను.